‘ఓడాం’ అంటే చాలదా?

ప్రశ్న:
షేక్‌స్పియర్ నాటకం ‘మేక్‌బెత్’, మొదటి అంకం, ఏడో రంగం. రాజును చంపడానికి జంకుతూ మేక్‌బెత్ “ఒకవేళ ఓడిపోతే?” అంటాడు. దానికి భార్య జవాబు ఇంగ్లీషులో రెండే మాటలు: ‘వి ఫెయిల్’. నేను “మనం ఓడిపోతామా?” అని తెలుగు చేశాను. ఆ పాత్ర వేస్తున్న నటి మాత్రం, ఈ వాక్యాన్ని ఒక్క తీరుగా తప్ప పలకలేకపోతున్నానని అంటోంది. తప్పు నా అనువాదంలోనే ఉందా?

జవాబు:
ఉంది. ప్రశ్నార్థకమైన ఆ చివరి ‘ఆ’ ఆమె చేతులు కట్టేసింది. ఇంగ్లీషు మాటల్లో ఏ ప్రత్యయమూ లేదు, భావమంతా గొంతులోనే ఉంది. షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటమైన 1623 నాటి ఫోలియోలో అక్కడ ప్రశ్నార్థకం ఉన్న మాట నిజమే. కానీ ఆ కాలపు ముద్రాపకులు ఆశ్చర్యార్థకం రావలసిన చోటా అదే గుర్తు వేసేవారు. కాబట్టి దాన్ని సాక్ష్యంగా నమ్మలేం.

పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ నటి సారా సిడన్స్ ఈ రెండు మాటలతో ఎంత కుస్తీ పట్టిందో చూడండి. 1785 ఫిబ్రవరిలో లండన్ డ్రూరీ లేన్ రంగస్థలం మీద ఆమె ఈ పాత్ర వేసింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు అదే రంగస్థలం మీద ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ నాయిక పోర్షియాగా విఫలమై, ఊళ్లు తిరిగే నాటకాల్లోకి వెళ్లిపోయిన మనిషి. ఓటమి గురించి ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు! ఈ మాటను ఆమె మూడు తీరుల పలికి చూసిందని రచయిత్రి అన్నా జేమ్సన్ రాసింది. మొదట ఈసడింపుగా, “ఓడిపోతామా?” తరువాత ‘మన’ మీద ఊనిక వేసి, “మనమా ఓడేది!” చివరికి గొంతు బాగా దించి, స్థిరంగా, పూర్ణవిరామంతో. ఓడితే ఓడతాం, అంతటితో సరి అన్నట్టు. ఆమె ఈ మూడోదాని దగ్గరే నిలిచిపోయింది.

నా ఓటూ దానికే. మొదటి రెండూ భర్తను అదిలిస్తాయి. మూడోది అతని భయాన్ని ఒప్పుకుని, దాని కోరలు పీకేస్తుంది.

మరొకరు:
అలాగైతే “పని బెడిసికొడితే కొట్టింది” అనవచ్చుగా? ‘ఓడటం’ యుద్ధానికో ఆటకో చెల్లుతుంది, హత్యకు కాదు.

జవాబు:
బాగుంది కానీ, అందులో ‘మనం’ ఎగిరిపోయింది. ఇద్దరినీ ఒకే నేరానికి కట్టేసే మాట అది. ఇంగ్లీషు ‘వి’కి లేని సౌకర్యం మనకు ఉంది: ‘మేము’ కాకుండా ‘మనం’. క్రియలో అది బయటికి కనిపించకపోయినా, ‘ఓడాం’ అని భార్య భర్తతో అంటే వినేవారికి ‘మనమే’ అని తెలుస్తుంది. మీ వాక్యంలోని భూతకాలాన్ని మాత్రం తీసుకుంటాను. “పోతే పోయింది”, “తిడితే తిట్టాడు” అంటాం చూడండి, జరగనిదాన్ని జరిగిపోయినట్టే చెప్పి తేల్చేస్తాం. సిడన్స్ దించిన గొంతుకు తెలుగులో దొరికే వ్యాకరణం ఇదే. చివర ‘లే’ మాత్రం చేర్చకండి, నిర్లక్ష్యం ధ్వనిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అంటే “ఓడితే ఓడాం”?

జవాబు:
అంత కూడా అక్కరలేదు. మొదటి సగం భర్త నోట ఎలాగూ వచ్చేసింది. అతని మాటను కాస్త కురచ చేయండి:

“ఒకవేళ... ఓడితే?”
“ఓడాం.”