అర్బత్‌నాట్ అనే ఇంటిపేరు ఎక్కడిది? తెలిసినవాళ్ళు చెప్పండి

పాలకొండవాసి:
అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మాది పాలకొండ దగ్గర పల్లె, ఉద్యోగం ఇంగ్లండులో, న్యూకాజిల్‌లో. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా తాతగారి ట్రంకుపెట్టె అడుగున ఒక కిస్తు రసీదు దొరికింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైపోయిన కాగితం, అంతా గొలుసుకట్టు రాత, కూడబలుక్కుని చదవడానికి మా పెదనాన్నకి ఒక పూట పట్టింది. ఫసలీ 1285 అని ఉంది, ఫసలీ అంటే అప్పట్లో శిస్తు లెక్కలకి వాడిన సంవత్సరం. 590 కలుపుకుంటే 1875-76 అన్నమాట. పైన "అర్బత్తునాటు కంపెనీ ముస్తాజరులు" అని ఉంది, ముస్తాజరులంటే ఎస్టేటు కౌలుకి తీసుకున్నవాళ్ళు. 1830ల్లో పాలకొండ జమీందారు తిరగబడ్డాక కుంపిణీవాళ్ళు ఎస్టేటు లాగేసుకున్నారని, తర్వాత దాన్ని మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీకి చాలా ఏళ్ళు కౌలుకిచ్చారని పెద్దవాళ్ళ నోట విన్నాను గానీ, ఆ పేరు కాగితం మీద చూడటం అదే మొదటిసారి.

తిరిగొచ్చిన వారానికి మా ఆఫీసులో కొత్తగా చేరినావిడ బ్యాడ్జి మీద అదే ఇంటిపేరు. నిజంగా ఒళ్ళు జలదరించింది. రసీదు ఫొటో చూపిస్తే ఆవిడకీ ఆత్రం పుట్టింది. "మా నాన్నవైపువాళ్ళు స్కాట్లండ్ నుంచి వచ్చారంటారు, అంతకుమించి ఏమీ తెలీదు" అంది. ఇద్దరం కలిసి వెతుకుదామనుకున్నాం. ఇంత అరుదైన పేరు కదా, ఉన్నవాళ్ళంతా ఒకే కుటుంబమా? ఈవిడ ఆ మద్రాసు కంపెనీవాళ్ళ మనిషేనా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

గ్రానైట్_ఊరినుంచి:
నేనుండేది స్కాట్లండ్‌లోని అబర్దీన్. మీరడిగిన పేరు మనిషి పేరు కాదు, వృత్తి పేరూ కాదు, ఊరి పేరు. ఇక్కణ్ణుంచి దక్షిణంగా సముద్రం పక్కనే వెళ్తే ఇన్వర్‌బర్వీ అనే చిన్న ఊరొస్తుంది, అక్కడ లోపలికి తిరిగితే కాసేపట్లోనే అర్బత్‌నాట్. ఊరు అనడానికి లేదు, పొలాలు, కొన్ని ఇళ్ళు, ఒక పాత చర్చి, దాని కింద బర్వీ వాగు. ఊరి పేరుకి ఇంగ్లీషులో చివర రెండు టీ (t) అక్షరాలు రాస్తారు. పాత పత్రాల్లో ఆ పేరు అబర్‌బోతెనోత్ అన్నట్టు కనిపిస్తుంది. అబర్ అంటే నీళ్ళు కలిసే చోటు, మా అబర్దీన్‌లో ఉన్న అబర్ కూడా అదే.

12వ శతాబ్దం చివర్లో స్వింటన్ వంశానికి చెందిన హ్యూ అనే ఆయనకి ఈ భూమి దక్కింది. స్వింటన్ ఉన్నది ఇంగ్లండు సరిహద్దు దగ్గర, బెరిక్‌షైర్‌లో. ఇక్కడ స్థిరపడ్డాక ఆయన సంతతివాళ్ళు స్వింటన్ వదిలేసి భూమి పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. 1641లో ఆ కుటుంబ పెద్దకి వైకౌంట్ అనే ప్రభువుల బిరుదు వచ్చింది. అది ఇప్పటికీ ఉంది.

పోయినేడు అక్టోబర్‌లో మా ఆవిడా నేనూ వెళ్ళాం. ముందురోజు వాన పడింది, దుక్కి దున్నిన నేలంతా ఎర్రగా, అచ్చం మన పల్నాడులో పొలం గట్టు మీద నిలబడ్డట్టుంది. బూట్లకి పట్టిన మట్టి కారులో ఇప్పటికీ ఎండి రాలుతూనే ఉంది. చర్చిలో పూజాస్థానం ఉన్న భాగాన్ని 1242లో ప్రతిష్ఠించారు. దాని పక్కనే ఈ కుటుంబం కట్టించుకున్న రెండంతస్తుల గది, లోపల రాతి సమాధి మీద పడుకున్న మనిషి బొమ్మ. చేత్తో ముట్టుకుంటే చల్లగా, అంచులు అరిగిపోయి ఉన్నాయి. వీలైతే ఆవిణ్ణి అక్కడికి ఒకసారి తీసుకెళ్ళండి. ఇంటిపేరు పుట్టిన నేల మీద నిలబడే అదృష్టం అందరికీ ఉండదు.

రికార్డుగది:
పదేళ్ళుగా నా కాలక్షేపం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అరుదైన పేరుతో ఉన్న లాభం ఏంటంటే మ్యాప్ మీద వేస్తే చుక్కలు ఒకచోట పోగవుతాయి. స్మిత్ అని వేస్తే దేశమంతా నిండిపోతుంది. దీనికి అందరూ వాడేది 1881 జనాభా లెక్కలు, ఎందుకంటే అప్పటికి జనం పట్నాలకి కదులుతున్నా ఇంకా చాలామంది పూర్వీకుల జిల్లాల చుట్టుపక్కలే ఉన్నారు. అర్బత్‌నాట్ అని వేస్తే స్కాట్లండ్ ఈశాన్య మూల, అంటే కింకార్డిన్‌షైర్, దాని పైన అబర్దీన్‌షైర్, అక్కడే నల్లబడుతుంది. పీటర్‌హెడ్ రేవులో ఈ పేరున్న వర్తక కుటుంబాలు ఉండేవి. ఉత్తర ఐర్లండ్‌లో కొంతమంది, అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు ఇంకొంతమంది. ఇంగ్లండులో ఉన్నవాళ్ళు ఎక్కువగా ఉద్యోగాలకో వ్యాపారాలకో దిగొచ్చినవాళ్ళే.

వెతికేటప్పుడు ఒక టీ, రెండు టీలు, మధ్యలో యు, ఓ, చివర నెట్, నాట్ అన్నీ వేసి చూడండి. ఒకే మనిషి పెళ్ళినాడు ఒకలా, పిల్లాడి బాప్టిజం నాడు ఇంకోలా రాయించుకునేవాడు. రాసేది గుమాస్తా, చెప్పేది ఈయన, చెవిన పడ్డదే అక్షరం. ఒక టీ అయితే ఒక శాఖ, రెండైతే ఇంకో శాఖ అని ఇవాళ చెప్పుకుంటారు గానీ రెండువందల ఏళ్ళ వెనక్కి వెళ్తే ఆ తేడా నిలవదు. నేను దాన్ని నమ్మి వేరే పేరు మీద ఏడు నెలలు పోగొట్టుకున్నాను.

ఇంకోటి, జిల్లాల సంగతి. కింకార్డిన్‌షైర్ అనే కౌంటీ పాలనలో 1975లోనే పోయింది, ఇప్పుడు అది చాలావరకు అబర్దీన్‌షైర్ కిందికొస్తుంది. మీ పాలకొండ కూడా అంతే కదా, రసీదు నాటికి విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకెళ్ళింది, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఈనాటి జిల్లా పేరు పట్టుకుని పాత కాగితం వెతికితే రెండు చోట్లా దొరకదు.

వరస ఇలా పెట్టుకోండి. స్కాట్లండ్‌లో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855లో మొదలైంది, ఇంగ్లండులో 1837లో. ఆలస్యమైనా స్కాట్లండ్ సర్టిఫికెట్టే బంగారం, చావు నమోదులో కూడా తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు ఉంటాయి. పెళ్ళయినా ఆడవాళ్ళ పుట్టింటి పేరు అక్కడి కాగితాల్లోంచి చెరిగిపోదు. ఇంగ్లండు చావు సర్టిఫికెట్టులో ఆ రోజుల్లో తల్లిదండ్రుల పేర్లే ఉండేవి కావు. కాబట్టి ఆవిడ తాతముత్తాతల్లో ఒక్కరు స్కాట్లండ్‌లో 1855 తర్వాత పోయి ఉంటే చాలు, ఒక్క కాగితంతో ఒక తరం వెనక్కి దూకుతారు.

గుంటూరు_టీచర్:
రికార్డుగది గారూ, మీ పోస్టు ప్రింటు తీసిపెట్టుకున్నాను. నాదొక్క మాట. మన ఇంటిపేర్లు తెలిసినవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. కందుకూరి, చెరుకూరి, నిడుదవోలు, అన్నీ ఊళ్ళే. ఆ ఊరు వదిలి ఇంకో ఊరొచ్చినప్పుడే జనం "ఫలానా ఊరివాళ్ళు" అన్నారు, ఊళ్ళోనే ఉన్నంతకాలం ఆ పేరుతో పనేముంది? స్కాట్లండ్ ఆయన భూమికొచ్చి ఆ భూమి పేరు పెట్టుకున్నాడు, మనవాళ్ళు ఊరు విడిచి ఆ ఊరి పేరు వెంట తీసుకెళ్ళారు. ఆ తేడా ఒకటి గమనించండి.

అలాగే మన దగ్గర ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో, వేరే వేరే గోత్రాల్లో ఉంటుంది. ఊరు ఒకటే గానీ రక్తం ఒకటి కాదు. వాళ్ళలోనూ అంతే అయ్యుండచ్చు కదా?

లెస్టర్‌లో_చదువు:
టీచర్ గారు అసలు విషయం పట్టుకున్నారు. స్కాట్లండ్‌లో భూస్వామి నీడన బతికే కౌలుదార్లు, అనుచరులు ఆయన పేరే పెట్టుకోవడం ఉండేది. ఆ ఊళ్ళోంచి వేరే చోటికెళ్ళిన మామూలు మనిషికి కూడా ఆ ఊరి పేరే పడొచ్చు. పేరు అరుదైనంత మాత్రాన వైకౌంట్ వంశం అని అనుకోకూడదు.

నేను చదివిన యూనివర్సిటీలోనే ఈ పని జరిగింది కాబట్టి చెప్తున్నాను. ఇంటిపేరూ, వై క్రోమోజోమూ రెండూ తండ్రి నుంచి కొడుక్కి వెళ్తాయి. అక్కడి జన్యుశాస్త్రవేత్తలు టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ కలిసి 40 బ్రిటిష్ ఇంటిపేర్లున్న 1,678 మంది మగవాళ్ళ వై క్రోమోజోములు పోల్చి 2009లో ప్రచురించారు. స్మిత్ లాంటి పేర్లలో ఎవరికి వారే, దారిన పోయే ఇద్దర్ని పట్టుకున్నట్టే. అరుదైన పేర్లలో మాత్రం గుంపులు కట్టాయి. అటెన్‌బరో పేరున్నవాళ్ళలో అయితే దాదాపు అందరిదీ ఒకే రకం, అది కూడా నాటింగ్‌హామ్‌షైర్ ఊరి పేరే.

వాళ్ళదే 2007లో ఇంకో పరిశోధన నాకు మరీ ఇష్టం. తూర్పు యార్క్‌షైర్‌కి చెందిన ఒక అరుదైన ఇంటిపేరులో 18 మందిని పరీక్షిస్తే ఏడుగురికి అంతకుముందు పశ్చిమాఫ్రికాలోనే కనిపించిన అరుదైన రకం వై క్రోమోజోము వచ్చింది. చూడ్డానికి అందరూ మామూలు యార్క్‌షైర్ మనుషులే. వెనక్కి తవ్వితే రెండు వంశవృక్షాలు తేలాయి, ఒకదాని మూలపురుషుడు 1734లో, రెండోదాని ఆయన 1788లో పుట్టారు, కాగితాల మీద ఆ రెండూ కలవలేదు. ఎప్పుడో ఒక ఆఫ్రికా మనిషి ఆ దేశమొచ్చాడు, ఆయన రక్తం ఒక ఇంగ్లీషు ఇంటిపేరు కింద నిశ్శబ్దంగా నడిచొచ్చింది. కాగితం చెప్పనిది శరీరం చెప్పింది.

మీ కొలీగ్ విషయంలో వై క్రోమోజోము పరీక్ష చేయాల్సింది ఆవిడకి కాదు, వాళ్ళ నాన్నకో అన్నదమ్ములకో. ఇష్టంగా ఒప్పుకుంటేనే. తెలుసుకోకూడదనుకున్నవి కూడా అందులో బయటపడతాయి, ఆ మాట ముందే చెప్పాలి.

మైలాపూర్_మేడమీద:
మద్రాసు సంగతి నేను చెప్తాను, మాది నెల్లూరు, మూడు తరాలుగా ఇక్కడే. అర్బత్‌నాట్ కంపెనీ 1810 నాటిది, పెట్టినాయన జార్జ్ అర్బత్‌నాట్. వ్యాపారం, బ్యాంకింగ్ రెండూ ఉండేవి. వందేళ్ళు నిండకముందే 1906 అక్టోబర్ 22న మూతపడింది. మామూలు ఉద్యోగస్తులు, పెన్షనుదార్లు, విధవరాళ్ళు దాచుకున్న డబ్బంతా అందులోనే ఉంది. అప్పటి పెద్ద భాగస్వామి సర్ జార్జ్ గఫ్ అర్బత్‌నాట్‌కి 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బతోనే మన సొమ్ము మన చేతిలో ఉండాలని వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటివాళ్ళు పూనుకుంటే 1907లో ఇండియన్ బ్యాంక్ వచ్చింది. ఇవాళ తెలుగు ఊళ్ళలో ఆ బోర్డు కింద నిలబడి డబ్బు తీసుకునేవాళ్ళకి దాని వెనక ఒక స్కాటిష్ పల్లె పేరుందని చెబితే నమ్మరు.

ఆ పేరున్న ఇంకొకాయన సర్ అలెగ్జాండర్ అర్బత్‌నాట్, 1855లో మద్రాసు రాష్ట్రానికి మొదటి విద్యాశాఖ డైరెక్టరు, 1872లో కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరు కూడా. మన జిల్లాల్లో బళ్ళన్నీ ఆ శాఖ కిందికే వచ్చేవి.

వాళ్ళ కుటుంబాల కోసం వెతకాలంటే, మద్రాసు ప్రెసిడెన్సీలో పాదిరీలు రాసిన బాప్టిజం, పెళ్ళి, ఖనన నమోదులకి నకళ్ళు లండన్ పంపేవారు. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్/2 అనే వరస అదే. 1698 నుంచి ఉన్నాయి.

గ్రానైట్_ఊరినుంచి:
బాప్టిజం పుస్తకాలు అంటే గుర్తొచ్చింది. 1667లో ఆ ప్రాంతంలోనే పుట్టిన జాన్ అర్బత్‌నాట్, ఆన్ రాణిగారి వైద్యుడు, ఇంగ్లండుకి మారుపేరుగా చెప్పే జాన్ బుల్ అనే పాత్రని పుట్టించినాయన. ఆయన లండన్ బాప్టిజం లెక్కలు 1629 నుంచి 1710 దాకా 82 ఏళ్ళవి వరసగా చూశాడు. ఏ ఒక్క ఏడూ తప్పకుండా మగపిల్లలే ఎక్కువ. ఇది గాలివాటంగా జరిగే పని కాదని లెక్కగట్టి 1710లో వ్యాసం రాశాడు. గణాంకశాస్త్రంలో ఇలాంటి పరీక్షల చరిత్ర చెప్పేటప్పుడు దాన్నే మొదట చెప్తారు. మనం పూర్వీకుల కోసం తిరగేసే పుస్తకాల్ని ఆయన ఇంకో కంటితో చూశాడు.

పాలకొండవాసి:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, అందరికీ పేరుపేరునా థాంక్స్. రికార్డుగది గారు చెప్పినట్టే స్కాట్లండ్ రికార్డుల్లో వెతికాం. శనివారం మా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే ఆవిడ ముత్తాత తండ్రిది 1891 నాటి చావు నమోదు దొరికింది. పీటర్‌హెడ్, పని చేపలు ఉప్పబెట్టడం. తండ్రి కూడా అదే పని. తల్లి పుట్టింటి పేరు స్పష్టంగా ఉంది. రిజిస్ట్రారు ఒక టీతో రాశాడు, కింద కొడుకు సంతకం రెండు టీలతో! ఆవిడ ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

కాబట్టి ఇప్పటిదాకా మద్రాసుతో సంబంధం లేదు. ఇంకో రెండు తరాలు వెనక్కి పోతే ఏమో. ఆవిడ తమ్ముడు పరీక్షకి ఒప్పుకున్నాడు, తొందరేం లేదు. ఈస్టర్ సెలవుల్లో అందరం కలిసి ఆ ఊరు వెళ్తున్నాం, గ్రానైట్ ఊరి అన్నా, మీరూ రావాలి.

టీచర్ గారూ, రసీదు నాలుగో ముక్కలో ముద్ర పక్కన ఒక తెలుగు సంతకం ఉంది, కంపెనీ తరఫున కిస్తు వసూలు చేసిన గుమాస్తాది అనుకుంటున్నాను. పెదనాన్న "వెం" దాకా చదవగలిగారు, తర్వాత రాత కలిసిపోయింది. ఫొటో పెడుతున్నాను, గొలుసుకట్టు అలవాటున్నవాళ్ళు ఎవరైనా చూడండి.

గుంటూరు_టీచర్:
చూస్తున్నాను బాబూ. వెలుతురు పక్కనుంచి పడేలా ఇంకో ఫొటో తీయించి పెట్టు, కాగితం వెనకవైపుది కూడా.