పెళ్లి ఫొటోగ్రఫీ మొదలుపెట్టాలంటే ముందుగా ఏం సమకూర్చుకోవాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉప్పల్‌లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను, ఫొటోగ్రఫీ మీద ఇష్టంతో సెలవు రోజుల్లో ఫొటోలు తీస్తుంటాను. నా దగ్గర ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా ఒకటి, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఒకటి ఉన్నాయి. మాఘమాసంలో జరగబోయే ఒక పెళ్లికి నన్నే ఫొటోలు తీయమని తెలిసినవారు అడుగుతున్నారు. ఈ పనిని వృత్తిగా చేసుకోవాలని ఉంది. అప్పు చేసి పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొనడం మంచిదా, లేక ముందు ఏదైనా కోర్సు చేయాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం

నమస్కారమండీ. అప్పు చేయకండి. నగరంలో కెమెరాలూ లెన్సులూ రోజు అద్దెకు దొరుకుతాయి కాబట్టి కొనుగోలు సంగతి ఒకటి రెండు సీజన్ల తరువాత ఆలోచించవచ్చు. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో డిగ్రీ కోర్సు ఉంది గానీ, అది పూర్తికాలపు చదువు, ఉద్యోగం చేస్తున్న మీకు కుదరదు. మీకు ఇప్పుడు కావలసింది పెళ్లి తంతు క్షుణ్ణంగా తెలియడం. అది సీనియర్ ఫొటోగ్రాఫర్ వెంట సహాయకుడిగా కొన్ని పెళ్లిళ్లకు వెళ్తేనే వస్తుంది.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మన పెళ్లిలో సుముహూర్తం జీలకర్ర బెల్లం వేళ. మాంగల్యధారణే ముఖ్యమనుకొని అప్పటిదాకా లైట్లు సర్దుకుంటూ ఉండే కొత్తవారిని నేను చాలామందిని చూశాను. పెద్దలు పంచాంగం చూసి నిమిషాలతో సహా పెట్టుకున్న ఆ ఘడియలో వధూవరులు అడ్డుతెరకు చెరొక వైపు కూర్చొని ఒకరి తలపై మరొకరు చేయి ఉంచుతారు, ఆ వెంటనే తెర తీస్తారు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపును మళ్లీ నటించి చూపమని ఎవరినీ అడగలేము. అందుకే తెర అంచుకు నేరుగా, ఇద్దరి ముఖాలూ పక్కనుంచి కనిపించే చోట ఒకరు నిలబడాలి, వరుడి వెనుకనుంచి వధువు ముఖాన్ని అందుకునేలా మరొకరు ఉండాలి. పురోహితుడిని పెళ్లికి ముందే కలిసి, ఏ క్రతువు తరువాత ఏది వస్తుందో, వధూవరులను ఏ వైపు కూర్చోబెడతారో వినయంగా అడిగి తెలుసుకోండి. ప్రాంతాన్నిబట్టి, కులాన్నిబట్టి వరుస మారుతుంది. తెలంగాణ కుటుంబాల్లో ఎదురుకోళ్లకు, పెళ్లికి ముందు జరిపే మైలపోలుకు ఎంతో ప్రాధాన్యం ఉంటుంది, కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడినవారి ఇళ్లలో స్నాతకం, కాశీయాత్ర ఫొటోలు తప్పక అడుగుతారు.

తాళి కట్టేటప్పుడు అక్షింతలు పడుతుంటాయి. కెమెరా ఆటోఫోకస్ ముఖాన్ని వదిలి గాలిలోని బియ్యపు గింజలను పట్టుకుంటుంది, కాబట్టి ముఖం మీద ముందే ఫోకస్ నిలిపి ఉంచండి. బంధువులంతా వేదిక ఎక్కి ముందుకు వచ్చేస్తారు, అప్పుడు వారిని తోయడం మర్యాద కాదు. పీటల దగ్గర మోకాళ్లపై కూర్చోగలిగే చోటును ముందుగానే ఇంటి పెద్దతో మాట్లాడి ఖాయం చేసుకోవాలి.

ఇక వెలుతురు. మన ముహూర్తాల్లో రాత్రివేళవి కూడా చాలా ఉంటాయి. ఫంక్షన్ హాళ్లలో పసుపు లైట్లు, రంగుల ఎల్ఈడీలు, వేదిక వెనుక తెర, అన్నీ కలిసి ముఖాల రంగును మార్చేస్తాయి, అందువల్ల రంగులను తరువాత సరిదిద్దుకోగలిగే రా (RAW) ఫైలుగానే తీయండి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడం వల్ల చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షటర్ వేగాన్ని 1/100 సెకను దగ్గర ఉంచితే ఫొటోలో అడ్డచారలు దాదాపు రావు. అయితే తలంబ్రాల వేగాన్ని 1/100 ఆపలేదు, అక్కడ ఫ్లాష్ సాయం తీసుకోవలసిందే. మామూలుగా ఫ్లాష్ 1/200 లేదా 1/250 వరకే షటర్‌తో కలిసి పనిచేస్తుందని గుర్తుంచుకొని హాలులో ముందురోజే పరీక్షించండి.

మాఘమాసపు పెళ్లిని ఒంటరిగా ఒప్పుకోకండి. అనుభవజ్ఞుడిని ప్రధాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టమని ఆ కుటుంబానికి చెప్పి, మీరు రెండో కెమెరా పట్టుకోండి. వారి జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు మీ అభ్యాసానికి వేదిక కాకూడదు.

మరొక సభ్యురాలి సమాధానం

పైన చెప్పినదంతా సమంజసంగా ఉంది. హైదరాబాద్‌కు సంబంధించి ఒక విషయం కలుపుతాను. పాతబస్తీలోనూ, టోలీచౌకి వైపూ జరిగే ముస్లిం వివాహాల్లో స్త్రీల విభాగం చాలా చోట్ల విడిగా ఉంటుంది, అక్కడికి మహిళా ఫొటోగ్రాఫర్లనే పిలుస్తారు. నిఖా (పెళ్లి), వలీమా (పెళ్లి తరువాతి విందు) వేర్వేరు రోజుల్లో ఉండవచ్చు, కార్యక్రమం అర్ధరాత్రి దాటుతుంది. ఆ ఫొటోలు ఎవరికి చూపవచ్చు, ఎవరికి చూపకూడదు అన్నది ముందే అడిగి, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. మీ బృందంలో ఒక మహిళ ఉంటే హిందూ పెళ్లిళ్లలో కూడా మంగళస్నానాలు, పెళ్లికూతురి అలంకరణ వంటి చోట్ల అందరికీ సౌకర్యంగా ఉంటుంది.

అనుబంధ ప్రశ్న

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాఘమాసంలో రెండో కెమెరాగానే వెళ్తాను. ఒప్పందపత్రం, ధర, డ్రోన్ విషయాలు కూడా చెప్పగలరా అండీ?

సమాధానం

ఒప్పందం తప్పనిసరిగా రాయించుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి మీ పని నమూనాగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి వారి అనుమతిని అందులోనే స్పష్టంగా రాయాలి. ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, ఏ సైజు, అడ్వాన్స్ ఎంత, ఫొటోల ఎంపిక ఎన్నాళ్లలో వారు ముగించాలి అన్నవి కూడా ఉండాలి. ఆల్బమ్‌లు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఆ ఎంపిక దగ్గరే.

ధర చెప్పే ముందు రెండో మనిషి కూలి, అద్దె, ఆల్బమ్, హార్డ్ డిస్కులు, ప్రయాణం లెక్కవేసుకోండి. ఆషాఢంలోనూ మూఢంలోనూ పని దాదాపు ఉండదు కనుక సీజన్ ఆదాయంతోనే ఆ నెలలు గడవాలి. ఇప్పుడే ఉద్యోగం మానవద్దు. సేవలపై ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు అవసరమవుతుంది.

డ్రోన్ సంగతి ఇప్పటికి పక్కన పెట్టండి. 250 గ్రాములు దాటినదాన్ని వృత్తిగా ఎగరవేయాలంటే 2021 డ్రోన్ నియమాల కింద రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. పైగా మన నగరం చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్‌లలో విమానాశ్రయాలు, వైమానిక దళ స్థావరాలు ఉన్నందున ఎన్నో చోట్ల నిషేధమో పరిమితులో ఉంటాయి.

చివరిగా, అద్దెకు తీసుకునే కెమెరాకు రెండు కార్డు స్లాట్లు ఉండేలా చూసుకొని ప్రతి ఫొటోనూ రెండింటిలోనూ రాయించండి. ఇంటికి రాగానే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకదాన్ని వేరే ఇంట్లో దాచండి. ఆల్బమ్ వారి చేతికి అందేవరకు కార్డులను ఫార్మాట్ చేయకండి.