డ్రాక్యులా సగంలో ఆగిపోయింది. రక్తపిశాచి నవలలు మీకెలా అనిపించాయి?

బద్ధకపు పాఠకి:
బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' మొదలుపెట్టాను. కోటలో జరిగే మొదటి నాలుగు అధ్యాయాలు ఊపిరి బిగబట్టి చదివాను. పనిమీద ఆ కోటకి వచ్చిన లాయరు జోనథన్ గడ్డం గీసుకుంటుంటే భుజం మీద చెయ్యి పడుతుంది. వెనక కౌంట్ డ్రాక్యులా నిలబడి ఉంటాడు, అద్దంలో మాత్రం ఎవరూ లేరు. అక్కడ పుస్తకం మూసి లైట్లన్నీ వేసుకున్నాను. తీరా కథ ఇంగ్లండ్ చేరాక అన్నీ ఉత్తరాలు, డైరీలు, టెలిగ్రాములే. కౌంట్ కనపడటమే గగనం. రెండు వారాలుగా, కౌంట్ రక్తం పీలుస్తున్న లూసీ అనే అమ్మాయి మంచం దగ్గరే ఆగిపోయాను. ముందుకెళ్లమంటారా, వేరేది పట్టుకోమంటారా?

నైట్‌డ్యూటీ:
నాకు లూసీ భాగమే ఇష్టం. నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్ని, రాత్రి రెండింటికి ఫ్రిజ్‌ల హోరులో చదివాను. నలుగురు మగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ అమ్మాయికి రక్తం ఇస్తారు. గ్రూపు లేదు, ఇద్దరి రక్తం పొసుగుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ లేదు! మా దగ్గర ఒక్క బ్యాగు బయటికి వెళ్లాలంటే శాంపిల్ మీద పేరు రెండుసార్లు సరిచూస్తాం. నవల 1897లో వచ్చింది, లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపుల సంగతి తేల్చింది 1901లో, కాబట్టి స్టోకర్‌ని ఏమీ అనలేం. కానీ లూసీ చావుకి కౌంట్ ఒక్కడే కారణమంటే నేను ఒప్పుకోను.

ఓరుగల్లోడు:
నవ్వలేక సచ్చిన అన్నా. నాకు మాత్రం ఈ కథల్ల భయం రక్తంతోని కాదు, గడపతోని. కౌంట్ కోట తలుపు తీసి, నీ ఇష్టంతోనే లోపలికి రా అంటడు సూడు, ఆడ. ఇంట్లోళ్లు ఒక్కసారన్న పిలవనిది వాడు లోపలికి రాలేడని కౌంట్‌ను వేటాడే డాక్టరు వాన్ హెల్సింగ్ తర్వాత చెప్తడు. నా చిన్నప్పుడు మా ఊర్ల తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేటోళ్లు. మా నాయనమ్మ సుద్దముక్క ఇచ్చి నాతోనే రాయించింది. 'రేపు'కు ఏత్వం పెట్టకుండ ఎత్వం పెట్టిన, చెంప పగిలింది. తప్పు రాస్తే దానికి అర్థంగాక లోపలికొస్తదని ఆమె భయం.

పాతపుస్తకాలాయన:
తమ్ముడు చెప్పిన ఆ గడప లె ఫాను రాసిన రక్తపిశాచి కథ 'కార్మిల్లా'లోనూ ఉందండి. బగ్గీ బోల్తాపడితే, కథ చెప్పే అమ్మాయి తండ్రే జాలిపడి కార్మిల్లా అనే ఆ రక్తపిశాచి పిల్లని ఇంట్లో పెట్టుకుంటాడు. ఆ అమ్మాయికి కార్మిల్లా మీద ఇష్టం, రోత రెండూ ఒకేసారి పుడతాయి. 1872 నాటికే పుస్తకంగా వచ్చేసింది, అంటే డ్రాక్యులాకి పాతికేళ్లు ముందు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఇంకో మాట. ఎండ తగిలి చచ్చిపోవడం స్టోకర్ పెట్టింది కాదు, 1922 మూకీ సినిమా 'నోస్ఫెరాటు' తెచ్చిన పద్ధతి. స్టోకర్ కౌంట్ లండన్ వీధుల్లో పట్టపగలే తిరుగుతాడు.

మిణుగురు:
మరి ఎండ తగిలితే చావకుండా మెరిసే 'ట్వైలైట్' రక్తపిశాచుల్ని జనం ఎందుకంత వెక్కిరిస్తారు? ఆ నవల ఇంటర్ సెకండియర్‌లో ఫిజిక్స్ రికార్డు చాటున చదివాను. ఫోర్క్స్ అనే ఊళ్లో ఎప్పుడూ మబ్బూ వానా, అందుకే ఆ రక్తపిశాచి కుటుంబం అక్కడ కాపురం పెట్టింది. స్టెఫనీ మేయర్ లెక్క బాగానే ఉందిగా! కాకపోతే ఇప్పుడు తిరగేస్తే, నిద్రపోతున్న అమ్మాయి గదిలోకి రాత్రిళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చునే ఆ అబ్బాయిని చూసి నాకే ఒళ్లు మండింది. గడప రూలు ఆయనకి వర్తించదు కాబోలు.

ఫిల్టర్‌కాఫీ:
ఆన్ రైస్ పేరెత్తరేం? 'ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్' 1976లో వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందు ఆమె కూతురు ఆరేళ్లయినా నిండకుండా లుకేమియాతో పోయింది. ఆ సంగతి తెలియనప్పుడు, రక్తపిశాచిగా మారి ఎప్పటికీ పెరగని పిల్ల క్లాడియా నాకు ఒక వింత పాత్ర, అంతే. తెలిశాక ఆ పేజీలు మళ్లీ చదవలేకపోయాను. కథ చెప్పే రక్తపిశాచి లూయీ గోడు మాత్రం వంద పేజీలు కోసేసినా నష్టం లేదు.

ఓరుగల్లోడు:
గడప సంగతి పూర్తిగ కావాల్నంటే స్వీడన్ రచయిత లిండ్‌క్విస్ట్ 'లెట్ ది రైట్ వన్ ఇన్' సదువుండ్రి. పిలవకుండ వస్తే ఏమైతది అని పిలగాడు మొండికేస్తడు. రక్తపిశాచి ఎలీ వచ్చి నిలబడ్తది. చెమట పట్టినట్టు ఒళ్లంత రక్తం. ఇగ వాడు హడలిపోయి రమ్మంటడు. నేను ఆ పేజీ బస్సుల సదివిన, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

బద్ధకపు పాఠకి:
నైట్‌డ్యూటీ గారి పుణ్యమా అని, ఎవరెవరు రక్తమిచ్చారో లెక్కపెట్టుకుంటూ లూసీని దాటేశాను. నిన్న రాత్రి పుస్తకం అయిపోయింది. గుండెలో కొయ్యమేకు దిగుతుందని చివరిదాకా చూస్తే కౌంట్ పోయింది రెండు కత్తులతో. అందులో జోనథన్‌ది కుక్రీ, మన గూర్ఖా రెజిమెంట్ల కత్తి! ఇంత సంగతి ఒక్కరూ చెప్పలేదేం?

మిణుగురు:
మీ అందరి మాటలు చూసి నేనూ మొదలుపెట్టానండీ. పదిహేనో అధ్యాయంలో ఉన్నాను. చాలా థాంక్స్.