కనుమ విందులో పాత బోర్డో, కొత్త బోర్డో: ఏది ముందు పోయాలి?

ప్రశ్న: కోటవీధి, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావ డిసెంబరు మొదట్లో ఇంటికి వస్తూ రెండు ఎర్ర వైన్ సీసాలు తెస్తున్నాడు. రెండూ అక్కడి పేరున్న వైన్ సీమ బోర్డోలోని మెడాక్ ప్రాంతానివే, ఒకే షాటోవే, అంటే ఒకే ద్రాక్షతోట వారు చేసినవే. ఒకటి 2005 పంటది, రెండోది 2019 పంటది. కనుమ రాత్రి మిత్రులం ఆరుగురం మా ఇంట్లో భోజనానికి కలుస్తున్నాం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, వయసు వైన్‌ను ఏం చేస్తుందో ఆ పూట తెలుసుకోవాలని మా కోరిక. మాలో ఇద్దరు ముగ్గురికి పాతదైతే గొప్పదే అన్న నమ్మకం గట్టిగా ఉంది. నాకు అంతగా లేదు. ఏది ముందు పోయాలి, అప్పటిదాకా సీసాలను మన వాతావరణంలో ఎలా దాచాలి, కనుమ వంటల్లో ఏవి వీటికి నప్పుతాయి అన్నవి నా సందేహాలు. ఇంట్లో మామూలు ఫ్రిజ్ తప్ప వేరే ఏర్పాటు లేదు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

కోటవీధి గారూ, ముందు దాచడం సంగతి చెబుతాను, ఎందుకంటే అది చెడితే మిగతా చర్చంతా వృథా. వైన్‌ను 12, 13 డిగ్రీల చల్లదనంలో, వెలుతురు సోకని చోట, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టి ఉంచడం రివాజు. మన ఇళ్లలో అటక మీదా వంటింటి అలమరలోనూ అంత చల్లదనం దొరకదు గనుక ఫ్రిజ్ కింది అరే గతి. ఏళ్ల తరబడి అలా ఉంచితే ఫ్రిజ్‌లోని పొడిగాలికి బిరడా ఎండిపోతుంది గానీ, ఆరు వారాలకు ఏమీ కాదు.

2005 సీసాలో మడ్డి తప్పకుండా ఉంటుంది. కొత్త వైన్‌లో విడివిడిగా ఉండే, వగరునిచ్చే టానిన్లూ రంగు పదార్థాలూ ఏళ్లు గడిచేకొద్దీ ఒకదానితో ఒకటి పెనవేసుకుని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. రంగు పలచబడడానికీ వగరు తగ్గడానికీ ముఖ్య కారణం అదే. విమాన ప్రయాణంలో ఆ మడ్డి అంతా కలగాపులగం అవుతుంది, కాబట్టి పండుగ దాకా దాన్ని కదపకండి. భోగి రోజున తీసి, ఫ్రిజ్‌లోనే నిటారుగా నిలబెట్టండి. కనుమ సాయంత్రం తాగడానికి సుమారు రెండు గంటల ముందు బయట పెడితే 16, 17 డిగ్రీలకు వస్తుంది. బిరడా పాతబడి మెత్తగా ఉంటుంది, తీసేటప్పుడు తొందరపడితే సగానికి విరిగి ముక్కలు లోపల పడతాయి. సీసా మెడ వెనుక సెల్‌ఫోన్ లైటు వెలిగించి, ఒకే ధారగా గాజు కూజాలోకి వంచుతూ ఉంటే, చివర్లో నల్లని సన్నని చార మెడ దగ్గరికి పాకి రావడం కనిపిస్తుంది. అక్కడ ఆపేయండి. రెండు మూడు చెంచాలు పోతే పోయాయి, పిండుకోవద్దు.

2019 సీసాను మాత్రం రెండు గంటల ముందే కూజాలోకి ఒంపి గాలి తగలనివ్వండి. పాతదానికి అంత గాలి పనికిరాదు. దాని సువాసన కొన్నిసార్లు అరగంటలోనే సన్నగిల్లుతుంది. వరుస విషయానికి వస్తే, కొత్తది ముందు, పాతది తరువాత అన్నది పెద్దల పద్ధతి, దాన్నే పాటించండి.

గంటస్తంభం, విజయనగరం

పై సభ్యులు దాచడం గురించి చెప్పినదంతా సరైనదే గానీ, వరుస విషయంలో నేను ఒప్పుకోను. మెడాక్ గులకరాళ్ల నేలలో పండే ద్రాక్షలో కాబెర్నే సావిన్యాన్‌దే పెద్ద పాలు; దాని తొక్క మందం, టానిన్ ఎక్కువ. బోర్డోలోనే దోర్దోన్ నదికి కుడివైపున ఉన్న సెంటెమిలియాన్, పొమెరోల్‌లలో మెత్తని మెర్లో ద్రాక్ష ఎక్కువ గనుక అక్కడి వైన్ అయితే ఇంత చిక్కు ఉండేది కాదు. పచ్చి నేరేడు కొరికినట్టు నాలుకను పట్టేసే 2019 వగరు మీద పాతదాన్ని పోస్తే అది నీళ్లలా తోస్తుంది; మీ మిత్రులు దానికి అన్యాయం చేసి లేస్తారు.

అందుచేత రెండూ ఒకేసారి, రెండేసి గ్లాసుల్లో పోయండి. సీసాకు 750 మిల్లీలీటర్లు, ఆరుగురికి తలా 125. మొదట 50 చొప్పున మాత్రమే పోసి, భోజనానికి ముందు మంచినీళ్లు తప్ప ఏమీ లేకుండా రుచి చూడండి, మిగిలినది వంటలతో. గ్లాసును తెల్ల కాగితం మీదికి వంచి అంచు చూస్తే, కొత్తదాని అంచు ఊదారంగులోనూ పాతదాని అంచు ఇటుక రంగులోనూ కనిపిస్తాయి. కొత్తదానిలో నల్లని పండ్ల వాసన, ఓక్ పీపా తెచ్చే వెనిల్లా వాసన ముందుకొస్తాయి. పాతదానిలో పొగాకు, దేవదారు చెక్క, తోలు, తడి మట్టి ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. తడిసిన అట్టపెట్టె వాసన మాత్రమే వస్తే అది వయసు కాదు, బిరడా దోషం.

మరొక మాట. 2005 వర్షాలు బాగా తక్కువైన సంవత్సరం, 2019 వేడి ఎక్కువైన సంవత్సరం. రెండూ మంచి పంటలే. చలితో, వానలతో నలిగిన 2013 వంటిది పక్కన పెట్టి ఉంటే మీరు వయసును కాక వాతావరణాన్ని కొలిచేవారు. అయినా "పాతదైతే గొప్పదే" అనే మీ మిత్రులకు ఒకటి చెప్పండి: బోర్డోలో తయారయ్యే ఎర్ర వైన్‌లో అత్యధిక భాగం నాలుగైదేళ్లలో తాగేయడానికి చేసినదే. 1855లో పారిస్ ప్రదర్శన కోసం ఐదు తరగతులుగా వర్గీకరించిన షాటోల వంటివి దశాబ్దాలు నిలుస్తాయి. అందరికీ ఆ యోగం లేదు.

వంశధార

వంట గురించి ఎవరూ చెప్పలేదు గనుక నేను రాస్తున్నాను. కనుమ నాడు వేటమాంసం ఎలాగూ తప్పదు, అది మీ అదృష్టం. మాంసంలోని మాంసకృత్తులూ కొవ్వూ టానిన్‌ను పట్టుకుంటాయి గనుక 2019 వగరు సగం తగ్గుతుంది. అయితే మన కారం పెద్ద శత్రువు. ఆల్కహాలూ టానిన్లూ కారపు మంటను రెచ్చగొడతాయి, పాతదాని సున్నితమైన వాసనలు ఆ మంటలో కలిసిపోతాయి. పలాస జీడిపప్పు నూరి పోసి, మిరియాలతో, పచ్చిమిర్చి బాగా తగ్గించి వండిన ఇగురు కొత్తదానికి సరిపోతుంది. పాతదానికి నేతిలో ఉప్పు, కాస్త మిరియాల పొడితో వేయించిన పుట్టగొడుగులు చాలు. చేపల పులుసు ఆ పూటకు మానండి, ఎర్ర వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిసి నోట్లో నీచు లోహపు రుచిని తెస్తుంది. ఆవకాయ జాడీ ఆ గదిలోనే ఉండకూడదు. ఇది అత్తగారికి చెప్పడం మీ పని.

కోటవీధి

అందరికీ ధన్యవాదాలు. గంటస్తంభం గారు చెప్పినట్టు రెండూ ఒకేసారి పోస్తాం, కూజాలకు వార్తాపత్రిక చుట్టి ఏది ఏదో చెప్పకుండా పోయాలని కూడా అనుకుంటున్నాను. ఒకవేళ మిగిలితే మరునాటికి ఉంచవచ్చా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

కొత్తదాన్ని బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటుంది, రెండో రోజున ఇంకా మెత్తబడవచ్చు కూడా. పాతదాన్ని ఆ రాత్రే ముగించండి. వార్తాపత్రిక చుట్టడం మంచి ఆలోచనే గానీ, మిత్రులు గ్లాసు అంచు రంగు చూడగానే పట్టేస్తారు. దీపం కాస్త తగ్గించండి.