టైకాన్‌తో మద్రాసు ట్రాక్‌కి వెళ్దామనుకుంటున్నా, బ్రేకులూ చార్జింగూ తట్టుకుంటాయా?

బరంపురం బాబి:

అందరికీ నమస్కారం. మాది బరంపురం, జీడిపప్పు వ్యాపారం. మా బావ అమెరికా వెళ్తూ తన ఎలక్ట్రిక్ కారు, పోర్షే టైకాన్ 4ఎస్, నాకు ఇచ్చేశాడు. ఒడిశా నంబరుకి మార్పించడానికి పడ్డ తిప్పలు ఇంకో పోస్టులో రాస్తాను, తల్చుకుంటేనే తలనొప్పి.

ఇంత కారు పెట్టుకుని ఇక్కడ చేసేదేముంది చెప్పండి. గోపాల్‌పూర్ రోడ్డులో ఆవుల్నీ బస్సుల్నీ తప్పించుకునేసరికే సముద్రం వచ్చేస్తుంది. రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ మీద తెల్లారగట్ల ఒక రౌండ్ వేద్దామని ఫ్రెండ్స్ ఊదరగొడుతున్నారు. ఒకడైతే తప్తపాణి ఘాట్ అంటాడు. నాకు రెండూ ఇష్టం లేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో ట్రాక్ డేలు (డబ్బు కట్టి సొంత కారు ట్రాక్ మీద నడుపుకునే రోజులు) పెడతారట కదా, అక్కడ పద్ధతిగా నడపాలని ఉంది.

ఎలక్ట్రిక్ కారు నాలుగు ల్యాపులకే వేడెక్కి చతికిలబడుతుందని ఒకరంటారు. రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటార్లే కారుని ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీలోకి పంపడం) ఉంది కాబట్టి బ్రేకుల గురించి టెన్షన్ అక్కర్లేదని ఇంకొకరంటారు. ఏది నమ్మాలి? ఇక్కడి నుంచి ఎన్‌హెచ్ 16 మీద వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. నడుపుకుంటూ వెళ్లి, ట్రాక్ మీద తిప్పి, అదే కారులో ఇంటికి రావాలి. ఇంట్లో "చెన్నై పార్టీని కలవాలి" అని చెప్పాను కాబట్టి కారు లారీ ఎక్కి వస్తే నా పని అయిపోయినట్టే.

జయపురం అన్నయ్య:

తమ్ముడూ, మాది జయపురం. బతుకుతెరువు మాత్రం శ్రీపెరంబుదూర్‌లో. టైర్లు, బ్రేకులు నా పని. ట్రాక్ డే ఉందంటే టూల్ బాక్సు పట్టుకుని పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోట, ఉంటాను. ఎయిర్‌స్ట్రిప్పూ ఘాటూ వద్దనుకున్నావు, అక్కడే సగం గెలిచావు. ఘాట్ మలుపులో ఎదురొచ్చే లారీకి నీ కారు 800 వోల్టులదని తెలీదు కదా.

పవర్ సంగతి ముందు చెప్పేస్తా, అది చిన్నది. బ్యాటరీలోంచి లాగే కరెంటు రెట్టింపయితే లోపల పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అందుకే రోడ్డు మీద రోజంతా నడిచినా ఏమీ కాని కారు ట్రాక్ మీద త్వరగా వేడెక్కుతుంది. వేడెక్కితే ఆగిపోదు, కంప్యూటరే పవర్ కాస్త కాస్తగా కోసేస్తుంది. దానికి భయపడక్కర్లేదు. హ్యుందాయ్ వాళ్లు ఐయానిక్ 5 ఎన్‌లో ట్రాక్ కోసమే ఒక మోడ్ పెట్టారు, బయల్దేరే ముందే బ్యాటరీని 20–30 డిగ్రీల మధ్యకి తెచ్చి పెడుతుంది. నీ కారుకైతే పొద్దున్న సెషన్ చల్లగా ఉంటుంది, అందులోనే కారుని చూసుకో. ఎండాకాలం మధ్యాహ్నం సెషన్‌కి డబ్బు కట్టకు.

అసలు సంగతి బ్రేకులు. నీ కారు 2,200 కిలోలకి దగ్గర్లో ఉంటుంది. స్ట్రెయిట్ చివర 200 వేగం నుంచి 80కి నాలుగు సెకన్లలో దింపావనుకో. ఆ నాలుగు సెకన్లూ సగటున 700 కిలోవాట్ల శక్తిని ఎక్కడో ఒకచోట పారబోయాలి. మొదటి తరం టైకాన్‌లో మోటార్లు రీజెన్‌గా పట్టుకునేది మహా అయితే 265 కిలోవాట్లు. మిగిలిన 435 డిస్కుల నెత్తినే పడుతుంది. అంటే రీజెన్ బాగా పనిచేసినా నీ డిస్కులు మోసేది 1,400 కిలోల పెట్రోల్ స్పోర్ట్స్ కారు డిస్కులు మోసేదానికి కాస్త అటూ ఇటూ సమానం.

ఇప్పుడు అసలు మెలిక. రాత్రి హోటల్లో ముచ్చటపడి బ్యాటరీ 100 శాతం నింపుకుని వచ్చావనుకో, నిండిన బ్యాటరీ రీజెన్ తీసుకోదు. ఆ 700 మొత్తం డిస్కుల మీదకే. నిండు బిందెలో ఇంకో చెంబు నీళ్లు పొయ్యలేం కదా. పిట్‌లో నేను చూస్తుంటాను, మొదటి సెషన్‌లోనే బ్రేకు పెడల్ మెత్తబడిందని వచ్చే ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ భాగం నిండా చార్జింగ్‌తో దిగినవే. చార్జింగ్ 80 శాతం దగ్గర మొదలుపెట్టు.

ప్యాడ్లు సగం కంటే తక్కువుంటే మార్చేసి రా. బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది పోయించు, ఎందుకో చెప్తా. అది గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. మరిగితే పైపులో ఆవిరి. ఆవిరిని నొక్కితే నలుగుతుందే తప్ప బ్రేకు పడదు, కాలు నేలకి ఆనుతుంది. మన సముద్రం పక్క ఊళ్లలో తేమ సంగతి నీకు వేరే చెప్పాలా?

పార్లాకిమిడి కాగితాలవాడు:

జయపురం అన్నయ్య కారు సంగతి చూసుకుంటున్నారు, నేను కాగితం సంగతి చెప్తాను. బాబి గారూ, మీ ఇన్సూరెన్స్ పాలసీలో "వాడకంపై పరిమితులు" అన్న భాగం తీసి చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వాడితే వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదని మీరు వాదిస్తారు, స్పీడ్ టెస్టింగేనని సర్వేయర్ వాదిస్తాడు. బ్యారియర్‌కి తగిలితే ఖర్చు మీ జేబులోంచే అనుకుని వెళ్లండి. వెళ్లే దారీ వచ్చే దారీ మామూలు రోడ్డే, దానికి పాలసీ ఉంటుంది.

నన్నడిగితే విశాఖ నుంచి ఫ్లాట్‌బెడ్ లారీ మీద కారు పంపించి మీరు రైల్లో వెళ్లండి. ఇంట్లో ఏం చెప్పాలో అది మీ ఇష్టం.

రాయగడ పెట్రోల్ పిచ్చి:

ఫ్లాట్‌బెడ్ ఎందుకండీ, 60 కిలోవాట్ల చార్జర్ దగ్గర 20 నుంచి 80 శాతానికి గంట, టిఫిన్ అయ్యేలోపు అయిపోతుంది. దారి పొడవునా నాలుగైదు టిఫిన్లు, అంతే!

నేను 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూశాను, వెర్న్ అనే డ్రైవర్ గెలిచాడు. ఆ కార్లకి వెనక చక్రాలకి మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు, మోటార్లే ఆపుతాయి. రీజెన్ 600 కిలోవాట్ల దాకా. అయితే కారు బరువు టన్ను కూడా ఉండదు, అన్నయ్య చెప్పిన లెక్క ప్రకారం అక్కడ కుదురుతుంది, టైకాన్‌కి కుదరదు. నాకు నచ్చింది ఇంకోటి. ఆ కారు మీద ఒక లైటు ఉంటుంది, ఆకుపచ్చగా వెలిగితేనే మార్షల్స్ (ట్రాక్ భద్రతా సిబ్బంది) చెయ్యి వేస్తారు, కరెంటు లీకు లేదని అర్థం. మన రోడ్డు కార్లకి అలాంటిది లేదు. ట్రాక్‌లో ఎలక్ట్రిక్ కారు ఇసకలో దిగబడితే ఎవరు ముట్టుకోవాలో, ఎలా లాగాలో ముందే అడిగి పెట్టుకోండి. కొందరు నిర్వాహకులు అసలు ఎలక్ట్రిక్ కార్లని తీసుకోరు. డబ్బు కట్టాక తెలిస్తే అదో ఏడుపు.

జయపురం అన్నయ్య:

రాయగడ తమ్ముడు మంచి మాట అన్నాడు. బాబీ, నిర్వాహకులకి ఫోన్ చేసినప్పుడు ఇంకోటి కూడా అడుగు, అక్కడ చార్జింగ్ ఏముందని. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు అయితే గంటకి 3 కిలోవాట్ అవర్లు. ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. గట్టిగా తొక్కితే రోడ్డు మీద కంటే మూడు నాలుగు రెట్లు తాగుతుంది, గంటసేపు పెట్టిన చార్జింగ్ ఒక ల్యాపుకి వస్తే గొప్ప. పక్కనే హైవే మీద ఫాస్ట్ చార్జర్ చూసుకుని, మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడికి వెళ్లేలా ప్లాన్ చేసుకో. ఇంటికి వచ్చే చార్జింగ్ ట్రాక్ మీద ఖర్చు పెట్టకు.

నడిపే తీరు: మొదటి ల్యాపు మెల్లగా, టైర్లు వేడెక్కాలి. తర్వాత రెండు మూడు గట్టివి, ఆ తర్వాత ఒకటి పూర్తిగా చల్లార్చుకుంటూ. వేడి డిస్కులతో పిట్‌లోకి వచ్చి టక్కున నిలబెట్టకు. టైర్లలో గాలి వేడికి పెరుగుతుంది, ట్రాక్ దిగగానే గేజ్ పెట్టి చూడు, చల్లారాక చూస్తే ప్రయోజనం లేదు. మ్యాట్లు, నీళ్ల సీసాలు, డిక్కీలో జీడిపప్పు శాంపిల్ డబ్బాలు అన్నీ బయట పెట్టాలి.

ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి ముందున్నవాడికి నువ్వు వస్తున్నట్టు వినపడదు. అతను చెయ్యి ఊపి దారి ఇచ్చాకే దాటు. దీన్లో లాభం కూడా ఉంది. నీకు టైరు అరుపు స్పష్టంగా వినపడుతుంది. సన్నగా కీచుమంటే బాగా నడుపుతున్నట్టు, గట్టిగా అరిచిందంటే స్టీరింగ్ ఎక్కువ తిప్పేశావు. పెట్రోల్ కారువాడికి ఆ వినికిడి ఉండదు. ఇన్‌స్ట్రక్టర్ దొరికితే మొదటి సెషన్ పక్కన కూర్చోబెట్టుకో. ఆ డబ్బు ఏ కార్బన్ స్టిక్కర్ మీద పెట్టినా దండగే.

బరంపురం బాబి:

అన్నయ్యా, చాలా థాంక్స్. నిండా చార్జింగ్ పెట్టుకుని వెళ్లాలనే నా ప్లాన్, బతికించారు. పార్లాకిమిడి గారూ, పాలసీ తీసి చూశాను, మీరు చెప్పినట్టే ఉంది. ఇక్కడ మాకు తెలిసిన గ్యారేజీ అతను డాట్ 5.1 ఉంది పోసేస్తానంటున్నాడు. డబ్బాలో సగం ఉందట, కొత్తదే అంటాడు. పోయించనా?

జయపురం అన్నయ్య:

వద్దు. మూత తీసిన డబ్బా అప్పటికే తేమ పీల్చి ఉంటుంది. సీలు తీయనిదే కొను, నీ మాన్యువల్లో రాసిన గ్రేడే. ఇలాంటి కార్లకి బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి స్కానర్ కావాల్సి రావచ్చు, విశాఖలోనో హైదరాబాద్‌లోనో తెలిసినవాళ్ల చేతే చేయించు. చేయించాక మన ఎన్‌హెచ్ మీద రెండు మూడు సార్లు గట్టిగా బ్రేకు వేసి చూడు, వెనక ఎవరూ లేనప్పుడు. పెడల్ గట్టిగా, పైనే నిలబడితే బయల్దేరు. చెన్నై వచ్చాక మెసేజ్ పెట్టు.