విశ్వాస సమర్థన: తర్కంతో మొదలుపెట్టాలా, చరిత్రతోనా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. యౌవనస్థుల కూటంలో గంటసేపు అపాలజెటిక్స్ చెప్పాలి. దేవుడున్నాడని ముందు తర్కంతో చూపించి, ఆ తర్వాతే పునరుత్థానానికి రావాలని కొందరు, నేరుగా చరిత్రతోనే మొదలుపెట్టమని కొందరు అంటున్నారు. తర్కం కూడా దేవుడుంటేనే సాధ్యమనే వాన్ టిల్ అన్న వేదాంతి పద్ధతివాళ్లేమో రెండూ సరికావంటున్నారు. ఏది ఎంచుకోవాలి? మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ మాటలు వాడొచ్చా?

జవాబు 1:
ఎదుటివాళ్ల అభ్యంతరం ఎక్కడుందో చూసి ఎంచుకోండి. అద్భుతాలు అసలు జరగవనేవాళ్ల ముందు పునరుత్థాన ఆధారాలు ఎన్ని పెట్టినా, ఇంకేదో సహజ కారణం ఉండే ఉంటుందంటారు. వాళ్లకు క్లాసికల్ పద్ధతి: ముందు దేవుడు, తర్వాత క్రీస్తు. దేవుణ్ణి నమ్ముతూనే యేసు సిలువ మీద చనిపోలేదనేవాళ్ల దగ్గర ఆ మొదటి మెట్టు అనవసరం.

దేవుడున్నాడని చూపే తర్కాల్లో కలామ్ వాదం ఒకటి: లోకానికి ఆరంభం ఉంది కాబట్టి దానికో కారణం ఉందంటుంది. ఇందులో చాలామంది తడబడేది మొదటి వాక్యం దగ్గరే. "ప్రతిదానికీ కారణం ఉంది" అన్నారంటే "మరి దేవుడికి?" అని వెంటనే అడుగుతారు. "ఆరంభం ఉన్న ప్రతిదానికీ కారణం ఉంది" అనాలి. దీన్ని మధ్యయుగ వేదాంతి అక్వినాస్ వాదాలతో కలపొద్దు. లోకానికి ఆరంభం ఉందని తర్కంతో రుజువు చేయలేమన్నది ఆయన అభిప్రాయం. ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నదేమిటన్నదే ఆయన ప్రశ్న. పైగా కలామ్ నెగ్గినా ఒక ఆదికారణం దగ్గర ఆగిపోతుంది, క్రీస్తు దాకా రాదు.

జవాబు 2:
జోసీఫస్‌ను వాడండి, ఏ భాగమో చూసి వాడండి. 'యూదుల ప్రాచీన చరిత్ర' 18వ పుస్తకంలోని "ఆయన క్రీస్తు" వంటి మాటలు తర్వాతి క్రైస్తవులు చేర్చినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 20వ పుస్తకంలో యాకోబును క్రీస్తనబడిన యేసు సహోదరుడని చెప్పిన చోటు చాలా గట్టిది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు క్రీ.శ. 116లో, పిలాతు కాలంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. ఇవి మరణాన్ని చూపిస్తాయి, పునరుత్థానాన్ని కాదు.

అసలు బరువంతా క్రీస్తు తిరిగి లేచి ఎవరెవరికి కనబడ్డాడో చెప్పే 1 కొరింథీయులు 15:3-8 మీద ఉంది. పత్రిక సుమారు క్రీ.శ. 55 నాటిది. తనకు అందిన ఉపదేశాన్నే అప్పగించానని పౌలే అంటున్నాడు. గలతీయులు 1:18-19 కూడా చదివించండి: మూడేళ్ల తర్వాత యెరూషలేములో కేఫాతో (పేతురుతో) పదిహేను రోజులున్నాడు, యాకోబును చూశాడు. అంటే ఈ సాక్ష్యం సిలువ తర్వాత కొద్ది ఏళ్ల నాటి మనుషుల దాకా వెళ్తుంది. గంటలో సగం దీనికే ఇవ్వండి.

పునరుత్థానం గురించి హబెర్మాస్ అనే పండితుడు వాడే కనీస వాస్తవాల పద్ధతి సంశయవాద పండితులూ ఒప్పుకునే అంశాలతోనే నడుస్తుంది. ఖాళీ సమాధి విషయంలో అంత ఏకాభిప్రాయం లేదు, కాబట్టి దాన్ని విడిగా వాదించాలి. పన్నెండుమందీ హతసాక్షులయ్యారని మాత్రం చెప్పొద్దు. పేతురు, పౌలు, ఇద్దరు యాకోబుల (జెబెదయి కుమారుడు, యేసు సహోదరుడు) గురించి తొలినాటి ఆధారాలున్నాయి, మిగతావి చాలావరకు తర్వాతి సంప్రదాయాలు. ఒక్కటి నిలబడదని తేలితే వినేవాళ్లు మిగతా అన్నిటినీ అనుమానిస్తారు.

జవాబు 3:
వాన్ టిల్ పద్ధతిని "బైబిలు నిజం, బైబిలే చెప్పింది కాబట్టి" అన్నట్టు చెప్పడం అన్యాయం. తర్కం, నైతికత, ప్రకృతి నియమాల నిలకడ సాధ్యం కావాలంటే ఏది నిజమై ఉండాలన్నది అసలు ప్రశ్న. 1985లో వాన్ టిల్ పద్ధతివాడైన బాన్సెన్‌కూ, నాస్తికుడైన స్టైన్‌కూ జరిగిన బహిరంగ వాదనలో నడిచింది ఇదే. దీని బలహీనత వేరే చోట ఉంది: ముస్లిం కూడా ఇదే వాదన ఎత్తుకుంటే త్రియేక దేవుడే ఎందుకో విడిగా చూపించాలి. అందుకే దీన్ని పాఠంగా కాక ప్రశ్నలుగా వాడండి. "చరిత్రలో దేన్ని ఆధారంగా ఒప్పుకుంటావు, ఎందుకు?" అని ముందే అడిగి, జవాబు బోర్డు మీద రాసి, తర్వాత కొరింథీయుల భాగం తెరవండి.