చిన్న దేశాల తగువు మహాయుద్ధం ఎలా అవుతుంది? తప్పు ఎవరిది?

పాతపటం: 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఎలా మొదలైందో చదువుతున్నాను. జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య జరిగింది. ఆ తర్వాత నెల రోజుల దాకా అది ఆస్ట్రియాకీ సెర్బియాకీ మధ్య తగువే. కానీ జూలై మొదటి వారంలోనే ‘మీరేం చేసినా మీ వెనక మేమున్నాం’ అని ఆస్ట్రియాకు జర్మనీ మాట ఇచ్చేసింది. చరిత్రలో దీన్నే ‘బ్లాంక్ చెక్’ అంటారు. ఆ ధైర్యం లేకపోతే జూలై 23న సెర్బియాకు 48 గంటల గడువుతో అంత కఠినమైన అల్టిమేటం వెళ్లేది కాదని నా నమ్మకం. గొడవను పెంచేది వెనకుండి ఎగదోసే పెద్ద దేశమే.

రాగిరేకు: సగం కథే చెప్పారు. జూలై 30న, సెర్బియా పక్షాన ఉన్న రష్యా పూర్తి సైన్య సమీకరణకు, అంటే మొత్తం సైన్యాన్ని యుద్ధానికి కూడగట్టడానికి ఆదేశించింది. దాన్ని ఎందుకు వదిలేశారు? రష్యా సైన్యం పూర్తిగా కూడేలోపే బెల్జియం మీదుగా వెళ్లి రష్యా మిత్రదేశం ఫ్రాన్స్‌ను ఓడించాలన్నది జర్మనీ ప్లాన్. రష్యా చక్రవర్తి జార్ సంతకం పెట్టాక జర్మన్ జనరల్స్‌కు ప్రతి రోజూ నష్టమే. యుద్ధాన్ని పెద్దది చేసింది ఎవరో ఇచ్చిన మాట కాదు, సైన్యాన్ని తరలించే రైళ్ల టైంటేబుల్.

పాతపటం: జూలై 29 రాత్రి జర్మనీ చక్రవర్తి కైజర్ టెలిగ్రామ్ చూసి జార్ అదే ఆదేశాన్ని ఆపాడు కదండీ. మర్నాడు మళ్లీ ఒప్పుకున్నాడు. మనిషి ఆపగలిగినదాన్ని టైంటేబుల్ మీదకు ఎలా తోస్తారు? పైగా అప్పటికే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ మీద గుండ్లు వేసింది.

మాధవి_ఎస్: 1912-13లో సెర్బియా ఉన్న బాల్కన్ ప్రాంతంలోనే బాల్కన్ యుద్ధాలు రెండు జరిగాయి. అవి ఎందుకు పాకలేదు?

రాగిరేకు: పాతపటం గారూ, ఒక్క రోజు ఆపి మర్నాడు ఇస్తే ఆపినట్టా? నేనడిగేది ఒక్కటే. పెద్ద దేశాల్లో పూర్తి సమీకరణకు ముందు ఆదేశించింది రష్యానా కాదా?

పాతపటం: రష్యానే. కానీ ముందు మాట ఇచ్చింది జర్మనీ.

ఉత్తరాయణం: మీరిద్దరూ ఒక్క జూలై నెల దగ్గరే ఆగిపోయారు. కొరియా యుద్ధం చూడండి. 1950 అక్టోబర్ 3న, అర్ధరాత్రి దాటాక, చైనా ప్రధాని చౌ ఎన్ లై భారత రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించి, అమెరికా సైన్యం రెండు కొరియాల మధ్య గీత అయిన 38వ అక్షాంశం దాటితే చైనా దిగుతుందని చెప్పాడు. కబురు వాషింగ్టన్‌కు చేరింది. పణిక్కర్ చైనా పక్షపాతి అనుకుని అక్కడ లెక్కచేయలేదు. ఆ నెలాఖరుకే చైనా సైన్యంతో పోరు మొదలైంది. అంటే హెచ్చరిక ఉంది, నమ్మకం లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ యుద్ధంలో సోవియట్ పైలట్లు చైనా, ఉత్తర కొరియా గుర్తులున్న మిగ్-15 యుద్ధవిమానాలు నడిపారు. అమెరికాకు తెలిసినా బయటపెట్టలేదు. బయటపెడితే సోవియట్‌తో నేరుగా తలపడాలనే ఒత్తిడి వచ్చేది. ఆ మౌనం వల్లే అది మూడో ప్రపంచ యుద్ధం కాలేదేమో అనిపిస్తుంది నాకు.

రాగిరేకు: కొరియా సంగతి వేరు. అక్కడ సమీకరణ సమస్యే లేదు.

పాతపటం: మీరు తేదీల్లోనే ఉండిపోతున్నారు కాబట్టి సొంత సంగతి చెబుతాను. మా నాన్నకూ బాబాయికీ ఒక గోడ దగ్గర తగువు వచ్చింది. ఇద్దరే కూర్చుంటే సాయంత్రానికి తేలిపోయేది. ‘నువ్వు తగ్గకు, నేనున్నాను’ అని ఒక పెద్దమనిషి బాబాయిని ఎగదోశాడు. పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాం. నాన్న పోయేదాకా ఆ ఇద్దరికీ మాటల్లేవు. ‘నేనున్నాను’ అనే మాట వింటేనే నాకు కోపం వస్తుంది.

రాగిరేకు: మీకు కోపం వచ్చే మాట కోసమే మా అమ్మ ఎదురుచూసింది. ఆమె వాటా బలమున్నవాళ్లు లాక్కుంటే, అండగా ఉంటామన్న బంధువులంతా ‘ఎందుకొచ్చిన గొడవ, సర్దుకుపో’ అన్నారు. సర్దుకుపోవాల్సింది ఎప్పుడూ బలహీనుడే. 1938 సెప్టెంబర్‌లో మ్యూనిక్‌లో జరిగింది కూడా అదే. చెకోస్లొవేకియాను గదిలోకి రానివ్వకుండానే దాని సరిహద్దు ప్రాంతం హిట్లర్‌కు రాసిచ్చారు. ఒప్పందం ప్రకారం కాపాడాల్సిన ఫ్రాన్సే సంతకం పెట్టింది. ఆరు నెలల్లో దాని రాజధాని ప్రాగ్ కూడా హిట్లర్ చేతికి పోయింది. మీరు చెప్పేది వింటే ఫ్రాన్స్ చేసింది మంచి పనే అనాలి!

పాతపటం: నేనామాట అనలేదు. నా నోట్లో మాటలు పెట్టకండి.

రాగిరేకు: అనకపోయినా అర్థం అదే. ఎవరూ ఎవరి వెనకా నిలబడకపోతే చిన్న దేశాన్ని మింగేయడమే ‘శాంతి’ అవుతుంది. ఆ శాంతి నాకొద్దు.

ఉత్తరాయణం: ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. ఈ మాట మొదట్లోనే అనుకుని ఉంటే జూలై 30 గురించి ఇంత గొడవ ఉండేది కాదు.

మాధవి_ఎస్: నా ప్రశ్నకు నేనే జవాబు చెబుతాను. బాల్కన్ యుద్ధాల కాలంలో 1912 డిసెంబర్ నుంచి లండన్‌లో పెద్ద దేశాల రాయబారులు కూర్చున్నారు. జర్మనీ ఆస్ట్రియాను, బ్రిటన్ రష్యాను వెనక్కి లాగాయి. అండ ఉంది, దానికి హద్దూ ఉంది. 1914లో అండ ఇచ్చారు, హద్దు చెప్పలేదు. పాతపటం గారు భయపడేది హద్దు లేని అండకు. రాగిరేకు గారి బాధ అసలు అండే లేకపోవడం. రెండూ ఒకటి కాదు.

రాగిరేకు: హద్దు ఎవరు గీస్తారండీ? లండన్‌లో కూర్చున్న పెద్దలే కదా. సెర్బియాకు సముద్రం దారి దొరక్కుండా అక్కడే నిర్ణయించారు. ఆ మంట 1914 దాకా ఆరలేదు.

పాతపటం: ఆ సంగతి నిజమే. మ్యూనిక్ విషయంలో కూడా నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ బెల్జియం సంగతి చెప్పండి. దాని తటస్థతకు 1839 నుంచే బ్రిటన్ హామీ ఉంది. అయినా ఆగస్టు 4న జర్మన్ సైన్యం బెల్జియంలో దిగేదాకా బ్రిటన్ నిజంగా వస్తుందో రాదో బెర్లిన్‌కు తేలలేదు. ఇచ్చిన మాటను శత్రువే నమ్మకపోతే అది ఎవరిని కాపాడినట్టు?

రాగిరేకు: అయితే గట్టిగా, ముందే చెప్పాలి. మాట ఇవ్వడమే తప్పని మీరు మొదట అన్నారు. ఇప్పుడు గట్టిగా ఇవ్వలేదంటున్నారు.

పాతపటం: అవును, మాట మార్చాను. రాత్రికి మళ్లీ రాస్తాను.